కుక్కతో దూరం నడిచేటప్పుడు నీళ్ళు దేంట్లో తీసుకెళ్ళాలి?

మా కర్రి కోసం ఈ నాలుగేళ్ళలో నేను కొన్నవీ, వంటింట్లోంచి ఎత్తుకెళ్ళినవీ కలిపి నీళ్ళ సరంజామా ఆరు రకాలైంది. అందులో రెండు అటకెక్కాయి. ఒకటి మా మేనల్లుడికి పోయింది. ఒకటి ఇప్పుడు తులసి కోటకు నీళ్ళు పోయడానికి పనికొస్తోంది. మిగిలిన రెండే రోజూ నాతో వస్తాయి. ఆ రెంటిలో ఒకటి అర కిలో పెరుగు డబ్బా. డబ్బులు పెట్టి కొన్నదేదీ ఇంతవరకు దాన్ని ఓడించలేకపోయింది.

కర్రి నాటు కుక్క. 16 కిలోలుంటుంది, పేరుకు తగ్గట్టే నల్లగా ఉంటుంది, ఆగమంటే ఆగదు. పొద్దున ఐదింటికి నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర మొదలుపెట్టి పెన్న ఒడ్డున గంట, గంటన్నర నడుస్తాం. వీలైన ఆదివారాల్లో మైపాడు వెళ్తాం. మా మేనల్లుడిది ఒంగోలు. వాడి దగ్గర గుండు అని 32 కిలోల లాబ్రడార్ ఉంది, వాళ్ళ నడక కొత్తపట్నం ఒడ్డున. ఈ రెండు కుక్కలూ దేంట్లో తాగాయో, దేన్ని చూసి మొహం తిప్పుకున్నాయో చూసి రాస్తున్న మాటలివి.

ఏది కొనాలో తేల్చుకునే ముందు

మొదటి ప్రశ్న, ఎన్ని నీళ్ళు కావాలి? ఆరోగ్యంగా ఉన్న కుక్క మామూలు రోజున కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. ఆ లెక్కన కర్రికి రోజుకు లీటరుకు కాస్త తక్కువ, గుండుకు రెండు లీటర్లకు కాస్త తక్కువ. ఇది ఇంటి పట్టున ఉన్నప్పటి మాట. ఎండలో నడిస్తే లెక్క మారిపోతుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, కుక్కకు అరికాళ్ళ మెత్తల దగ్గర తప్ప పట్టదు. అది నాలుక చాపి రొప్పుతూ, నోట్లోని తడిని ఆవిరి చేసి ఒంటి వేడి తగ్గించుకుంటుంది. అంటే దాహం తీరడానికే కాదు, ఒళ్ళు చల్లబడడానికి కూడా దానికి నీళ్ళే దిక్కు.

నా కళ్ళ లెక్క ఇది: కార్తీకం నుంచి సంక్రాంతి దాకా గంట నడకకు కర్రికి పావు లీటరు చాలు, అందులోనూ సగం ఇంటికి తిరిగొస్తుంది. శివరాత్రి దాటితే గంటకు అర లీటరు. రోహిణి కార్తెలో అయితే లీటరు పట్టుకెళ్తాను, నడక సగానికి తగ్గిస్తాను. గుండుకు వీటన్నిటికీ రెట్టింపు.

రెండో ప్రశ్న కుక్క ఎలా తాగుతుందని. కొనేవాళ్ళు దీన్ని పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. ఒకసారి కర్రి పక్కన నేల మీద కూర్చుని చూశాను. కుక్క నాలుకను ముందుకు మడిచి నీళ్ళు తోడుకుంటుందనుకుంటాం. అలా కాదు. నాలుక కొన కిందికి, వెనక్కి వంగుతుంది. అది నీళ్ళలో మునిగి చటుక్కున పైకి లేచేటప్పుడు వెంట ఒక నీటి ధార లేస్తుంది, అది పడిపోయేలోపు దవడలు మూస్తుంది. సెకనుకు రెండు మూడు సార్లు ఇదే పని. దీనికి వెడల్పు కావాలి, లోతు కావాలి. మూతి, నాలుక రెండూ ఇమడకపోతే కుక్క నీళ్ళు నాకుతుంది కానీ తాగదు. వెడల్పు ఉన్నా ఎన్నో కొన్ని బయటికి చిందుతాయి, కాబట్టి తీసుకెళ్ళే నీళ్ళలో చిందేవాటికీ లెక్క కట్టుకోవాలి.

మిగతావి చిన్న విషయాలే. లీటరు నీళ్ళంటే కిలో బరువు, ఒక చేతిలో గొలుసు ఉంటుంది. కుక్క చొంగ కలిసినదాన్ని రోజూ తోమగలగాలి, కాబట్టి మన చెయ్యి పట్టని సందులుంటే వద్దు. ఎండలో అరగంటకే వేడెక్కే సీసా అయితే నీళ్ళున్నా కుక్క ముట్టదు.

మూతే దొన్నెలా ఉండే బాటిల్

షాపుల్లో, ఆన్‌లైన్‌లో కుక్కల బాటిల్ అంటే ముందు కనిపించేది ఇదే. పైన పొడుగాటి దొన్నె, పక్కన ఒక మీట. నొక్కితే దొన్నెలోకి నీళ్ళొస్తాయి, తాగగా మిగిలినవి మళ్ళీ లోపలికి దింపుకోవచ్చు. ఒంటి చేత్తో పని అయిపోతుంది. పామరేనియన్, పగ్, డాషండ్ లాంటి చిన్న మూతులకు నిజంగానే బాగుంటుంది. మా వీధిలో ఒకావిడ పామరేనియన్‌కు ఏళ్ళ తరబడి ఇదే వాడుతున్నారు, ఒక్క ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదులు మూడు. ఒకటి, కర్రి మూతికి ఆ దొన్నె ఇరుకు. నాలుక వెనక్కి వంచే చోటు లేక రెండుసార్లు నాకి తల పక్కకు తిప్పేసింది. తాగిందనుకుని నేను మూత పెట్టేశాను. ఇంటికి రాగానే బకెట్లో తల పెట్టి తాగుతుంటే అర్థమైంది, దారంతా దాహంతోనే నడిచిందని. రెండోది, మిగిలిన నీళ్ళను వెనక్కి దింపితే చొంగ, ఇసుక కూడా వెనక్కి పోతాయి. మూడోది, మీట కింద ఉండే రబ్బరు. మైపాడులో ఒక రోజు సంచిలో బాటిల్ అడ్డంగా పడుంది, రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. సముద్రం కనిపించేసరికి సంచి అడుగున చెరువు, అందులో నా ఫోను, బాటిల్ ఖాళీ. కొనేటప్పుడే నీళ్ళు నింపించి, తలకిందులు చేసి ఐదు నిమిషాలు ఉంచి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి పంపే గడువు దాటకముందే ఆ పని చేయండి.

ఇవి ఎక్కువగా అర లీటరు లోపే పడతాయి. పెద్ద కుక్కకు అది గొంతు తడవడానికి కూడా చాలదు.

మామూలు బాటిల్, విడిగా గిన్నె

నా ఓటు దీనికే. నీళ్ళు మోసేది ఒకటి, తాగేది ఇంకొకటి. బాటిల్ ఇంట్లో ఉన్న ఏదైనా సరే, లీటరుది. తాగగా మిగిలినవి ఏ చెట్టు మొదట్లోనో పారబోస్తాం, బాటిల్లోకి చొంగ పోదు కాబట్టి అవసరమైతే అందులోంచి మనమూ తాగొచ్చు. పాడైతే ఒక్కటే పాడవుతుంది. గిన్నె ఏది అన్నదే అసలు ఎంపిక.

మడత పడే సిలికాన్ గిన్నె తేలిక. కొక్కెంతో నడుముకు తగిలించుకోవచ్చు. కానీ పలచటిదైతే కుక్క మూతి ఆనగానే మళ్ళీ మడతపడి నీళ్ళు ఒలకబోస్తుంది. అంచు గట్టిగా ఉన్నదే తీసుకోండి. కొత్తలో రబ్బరు వాసనకు కర్రి దగ్గరికే రాలేదు. రెండు రోజులు ఇంట్లో అందులోనే మజ్జిగన్నం పెడితే సమాధానపడింది.

గుడ్డతో కుట్టిన మడత గిన్నెలూ ఉన్నాయి. లోపలి పూత లేచిపోతే కారతాయి, తడి ఆరకపోతే కంపు కొడతాయి. వానాకాలంలో అసలు వద్దు.

స్టీలు గిన్నెకు వంక పెట్టడానికి లేదు, మోత తప్ప. గొలుసు తగిలి టంగు టంగుమంటుంటే కొన్ని కుక్కలు బెదురుతాయి. ఎండలో కింద పెడితే కాలుతుంది, నీడ చూసి పెట్టాలి.

ఇక పెరుగు డబ్బా. అర కిలోది నాలుగు వేళ్ళ వెడల్పుకు మించి ఉంటుంది, లోతు సరిపోతుంది, బరువు లేదు, మూత కూడా ఉంది. 15, 20 కిలోల కుక్క మూతికి కొలత తీసి చేసినట్టు కుదురుతుంది. లాబ్రడార్ లాంటివాటికి కిలో డబ్బా. తేలిక కాబట్టి గాలికి దొర్లుతుంది, పట్టుకుని కూర్చోవాలి. ఆ కూర్చోవడం వల్ల కుక్క ఎంత తాగిందో కంటికి తెలుస్తుంది, కాబట్టి దీన్ని లోపమని నేననుకోను.

ఏమీ లేని రోజు మైపాడులో టెంకాయ చిప్ప. బోండాలు కొట్టే ఆయన్ని అడిగితే, మనం తాగేసిన కాయను రెండు చెక్కలు చేసి ఇస్తాడు. లేత కొబ్బరి గీకి తీసేసి, మంచినీళ్ళు పోసి ఇసుకలో కాస్త గుచ్చి పెడితే కదలదు. కర్రికి అన్నిటికన్నా ఇష్టమైన గిన్నె అదే. తాగడం అయ్యాక దాన్నే కొరుక్కుంటూ కూర్చుంటుంది, పీచు మింగకముందే లాక్కోవాలి. కొబ్బరి నీళ్ళు రెండు గుక్కలు తాగితే నష్టం లేదు గానీ మంచినీళ్ళకు బదులు అవి కాదు.

స్టీలు ఫ్లాస్క్

రెండు పొరల ఫ్లాస్క్‌లో కుండ నీళ్ళు పోసుకెళ్తే మధ్యాహ్నం దాకా కుండ నీళ్ళలాగే ఉంటాయి. ఖాళీదే బరువు, దానికి తోడు గిన్నె ఎలాగూ వేరే కావాలి. పొద్దున్నే గంట నడిచి వచ్చేవాళ్ళకు అనవసరం. చప్పిడి ముక్కు కుక్కలున్నవాళ్ళకు, ఎండాకాలం ఊళ్ళు తిరిగేవాళ్ళకు మాత్రం పెట్టిన డబ్బు దండగ కాదు. చల్లటి నీళ్ళు తాగితే కుక్క చచ్చిపోతుందని కొందరు భయపెడుతుంటారు, అది నిజం కాదు. ఎంత చల్లటివి అన్నదానికన్నా ఎంత గబగబా తాగింది అన్నది చూసుకోండి.

కుక్క వీపు మీద సంచి

ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. కుక్క తన నీళ్ళు తనే మోసుకుంటుందన్న ఆలోచన కూడా ముచ్చటైనదే. కుక్క బరువులో పదో వంతుకు మించి మోయించకూడదన్నది మామూలుగా చెప్పే లెక్క. గుండుకైతే సంచి బరువుతో కలిపి మూడు కిలోలు, రెండు పక్కలా సమానంగా. ఎదిగే వయసు కుక్కకు, ముసలిదానికి, కీళ్ళ నొప్పులున్నదానికి వద్దు.

మన జిల్లాల్లో దీనికున్న చిక్కు బరువు కాదు, ఉక్క. వీపంతా మందపాటి గుడ్డ కప్పి, ఆ వేడి తగ్గించుకోవడానికి నీళ్ళిస్తాం అంటే అర్థం లేదు. మా మేనల్లుడు డిసెంబర్‌లో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ఆపేశాడు. పైగా గుండు అలలు కనిపిస్తే ఆగదు, సంచితో సహా సముద్రంలోకి దిగింది.

బండిలో పెద్ద క్యాన్

ఇది పై వాటికి పోటీ కాదు, తోడు. కారులోనో ఆటోలోనో మైపాడు, కొత్తపట్నం, ఉదయగిరి కొండ లాంటి చోట్లకు వెళ్తే బండిలో ఐదు లీటర్ల క్యాన్ ఒకటి ఉండాలి. తాగించడానికి కాదు, ఒంటి మీద పోయడానికి.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటిందంటే ప్రమాదం గుమ్మంలో ఉన్నట్టే. థర్మామీటర్ లేకపోయినా తెలుస్తుంది: ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా తీగలు సాగడం, చిగుళ్ళు ఎర్రగా కావడం, కాళ్ళు తడబడడం, వాంతి. అప్పుడు నోట్లో బలవంతాన నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, క్యాన్ మొత్తం పొట్ట, తొడలు, మెడ తడిసేలా పోసి, టవల్‌తో విసురుతూ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. తడి టవల్ మీద కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. ఇంత పనికి లీటరు బాటిల్ ఏ మూలకూ చాలదు. అందుకే క్యాన్.

ఏమీ మోయకుండా, దారిలో దొరికేవి

"ఊరకుక్కలు తాగడం లేదా?" అని నన్ను అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. తాగుతున్నాయి. వాటిలో ఎన్ని జబ్బు పడుతున్నాయో మనం లెక్కపెట్టడం లేదు. ఏ నీళ్ళు ఎంతవరకు నమ్మొచ్చో ప్రాంతాన్ని బట్టి ఉంటుంది.

సముద్రపు నీళ్ళలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. బంతి కోసం అలల్లోకి పరిగెత్తే కుక్క తెలియకుండానే మింగుతుంది. కొంచెమైతే విరేచనాలతో పోతుంది, ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. ఒడ్డున పది, పదిహేను నిమిషాలకోసారి పిలిచి మంచినీళ్ళు పడితే సముద్రం వైపు మూతి పెట్టడం తగ్గుతుంది.

మైపాడు దారిలో రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఉప్పు కలిసిన నీళ్ళు, మేత, మందులు, గుంట సిద్ధం చేసేటప్పుడు బ్లీచింగ్. అటు వెళ్ళనివ్వకండి. మందు కొట్టిన వరి పొలం పక్క కాలవా అంతే. ఎండాకాలం చివర్లో చెరువులు అడుగంటి పచ్చటి పెయింటు తెట్టు కట్టినట్టు ఉంటాయి, కొన్ని రకాల నాచు విషమే. వానలకు నిలిచిన మడుగుల్లో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. అది కుక్క నుంచి మనకూ అంటుకుంటుంది. టీకా ఉంది, డాక్టరును అడిగి వేయించండి. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీ గుంతల్లో నీళ్ళు తేటగా, పచ్చగా ఊరిస్తాయి. అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, దిగిన కుక్క ఎక్కలేదు.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నడకలో ఒకసారి బోరు దగ్గర తాగితే కుక్కకు ఏమీ కాదు. ఇంట్లో రోజూ ఏం పోస్తున్నారన్నదే ముఖ్యం. మనం క్యాన్ నీళ్ళు తాగుతూ దానికి బోరు నీళ్ళు పోస్తుంటే, దాని పళ్ళకూ ఎముకలకూ జరిగేది మనకు జరిగేదే.

నమ్మదగినవి రెండున్నాయి: మున్సిపాలిటీ కుళాయి, ఎండాకాలంలో చలివేంద్రం. చలివేంద్రం దగ్గర కుక్కను కాస్త దూరంగా నిలబెట్టి, మీ గిన్నెలో పోయించుకుని రండి. అక్కడి గ్లాసుతో తాగించారంటే తిట్లు తప్పవు, తిట్టినవాళ్ళదే న్యాయం కూడా. అంటే నీళ్ళు మోయకపోయినా గిన్నె మోయక తప్పదు.

ఒక్క చూపులో

| పద్ధతి | కుక్కకు తాగడం | మనకు మోయడం | కడగడం | ఎవరికి |
|---|---|---|---|---|
| దొన్నె మూత బాటిల్ | చిన్న మూతికి హాయి, పెద్దదానికి ఇరుకు | తేలిక | సందులెక్కువ | 10 కిలోల లోపు కుక్కలు, గంటలోపు నడక |
| బాటిల్ + పెరుగు డబ్బా | బాగుంటుంది | తేలిక | సులువు | దాదాపు అందరికీ |
| బాటిల్ + సిలికాన్ గిన్నె | అంచు గట్టిదైతే బాగుంటుంది | చాలా తేలిక | సులువు | సంచి లేకుండా నడిచేవాళ్ళకు |
| ఫ్లాస్క్ + స్టీలు గిన్నె | బాగుంటుంది | బరువు | సులువు | పగ్‌లు, ఎండలో ప్రయాణాలు |
| వీపు సంచి | గిన్నె వేరే కావాలి | మనకు లేదు | కష్టం | పెద్ద కుక్కలు, చలికాలం మాత్రమే |
| బండిలో క్యాన్ | తాగడానికి కాదు, తడపడానికి | బండి ఉంటేనే | అక్కర్లేదు | బీచ్, కొండ దారులు |

మీ పరిస్థితిని బట్టి

ఊళ్ళో పొద్దున్నే అరగంట తిప్పి తెచ్చేవాళ్ళు ఏదీ కొనకండి. బయల్దేరే ముందు, వచ్చాక ఇంట్లో నీళ్ళు పెడితే చాలు. మేలో మాత్రం చిన్న బాటిల్ వెంట ఉండనివ్వండి.

వయసు మళ్ళినవాళ్ళు, నడుము వంగనివాళ్ళు కింద పెట్టే గిన్నెతో అవస్థ పడతారు. వాళ్ళకు దొన్నె బాటిల్ మేలు, కుక్క చిన్నదైతే. పెద్దదైతే పొడుగు పిడి ఉన్న స్టీలు గరిటె లాంటిది ప్రయత్నించి చూడండి. మా పక్కింటి తాతగారు పప్పు గరిటెతోనే తాగిస్తారు, ఆయన కుక్క అలవాటు పడింది.

స్కూటర్ మీద కుక్కను ముందు నిలబెట్టుకుని వెళ్ళేవాళ్ళు బాటిల్‌ను డిక్కీలో పెట్టకండి, ఎండకు నీళ్ళు టీకి పనికొచ్చేంత వేడెక్కుతాయి. తడిగుడ్డ చుట్టి సంచిలో తగిలించండి, గాలి తగిలి చల్లగా ఉంటాయి. రెండు కుక్కలున్నవాళ్ళు రెండు గిన్నెలు తీసుకోండి. ఒకే గిన్నె పెడితే బలమైనది తాగుతుంది, రెండోది చూస్తుంది.

పగ్, బుల్‌డాగ్ ఉన్నవాళ్ళకు నా సలహా వేరు. మార్చి నుంచి జూన్ దాకా దూరపు నడకలు మానేయండి. వాటి ముక్కు నిర్మాణానికి రొప్పి చల్లబడే శక్తే తక్కువ, ఎంత మంచి ఫ్లాస్క్ కొన్నా ఆ లోటు తీరదు. నేలపట్టు లాంటి పక్షుల అభయారణ్యాల వైపు ఏ కుక్కనూ తీసుకెళ్ళకండి, నీళ్ళున్నా లేకున్నా.

దేంట్లో ఇచ్చినా కొంచెం కొంచెంగా ఇవ్వండి. కర్రికి పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు. పరిగెత్తి వచ్చి రొప్పుతుంటే రెండు నిమిషాలు ఆగి పోస్తాను. తాగనంటే బలవంతం లేదు, చిగురు మీద వేలు పెట్టి చూస్తాను. తడిగా జారితే ఫరవాలేదు, జిగటగా అంటుకుంటే నీడలో కూర్చోబెట్టి మళ్ళీ ప్రయత్నిస్తాను. ఉప్పు, చక్కెర కలిపిన పొడులు, మన ఓఆర్ఎస్ డాక్టరు చెప్పకుండా వద్దు. ముఖ్యంగా షుగర్ ఫ్రీ అని రాసి ఉన్నదేదీ వద్దే వద్దు. వాటిలో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ ఉంటే కుక్కకు విషం.

పెరుగు డబ్బాకు ఒక్కటే లోపం. తాగడం అవగానే కర్రి దాన్ని నోట కరుచుకుని పెన్న ఇసుకలో పరుగు తీస్తుంది. పంటి గాట్లు పడి అంచు చీలితే మూతికి గీసుకుంటుందని నెలకోసారి మారుస్తుంటాను. పెరుగు ఎలాగూ కొంటాం.